అయిదు నుంచి ఆరు దాకా

ఫిబ్రవరి 3

ఈ నోటుబుక్కు నాది. ఆఫీసు కాగితం ఒక్కటి కూడా ఇందులో పెట్టను, ఏ పేజీ కిందా సంతకం చెయ్యను. మా పనిలో సంతకం పడితే అది ఆఫీసు లెక్క, పడకపోతే చిత్తు కాగితం. కాబట్టి ఇదంతా చిత్తే, ఎవరూ చదవక్కర్లేదు.

ఆఫీసు ఊరి బయటికి వెళ్ళిపోతోంది. మార్చి నుంచి అక్కడే. మాలో సగం మంది ఆ పక్కనే కట్టిన కాలనీలో ఇళ్ళు చూసేసుకున్నారు. అయిదు నిమిషాల్లో ఆఫీసుట, చెట్లుట, ప్రశాంతతట. నిన్న సాయంత్రం వెళ్ళి ఆ కాలనీ పెద్ద రోడ్డు పక్కన బల్ల మీద గంటసేపు కూర్చున్నాను. పంతొమ్మిదేళ్ళుగా రోడ్ల పక్కన నిలబడి నడిచేవాళ్ళని లెక్కపెట్టడమే కదా నా ఉద్యోగం, చెయ్యి ఊరుకోలేదు. సంచీలోంచి కౌంటరు తీసి పిడికిట్లో పట్టుకున్నాను. మనిషి కనబడితే బొటనవేలితో ఒక్క నొక్కు. గంటకి నలుగురు. అందులో ఇద్దరు ఒకే వాచ్‌మనే, వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి.

ఇంటికొచ్చి ఆ మాట చెబితే మా ఆయన నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి అన్నారు. "నీకు నచ్చిన చోట ఇల్లు తీసుకో. ఒక్కటే అడుగుతున్నా. రొట్టె కొనుక్కోడానికి కూడా నీ చెయ్యి పట్టుకోవాల్సిన చోటు మాత్రం వద్దు."

ఇరవయ్యారేళ్ళు వాచీలు బాగుచేసిన కళ్ళు. ఇప్పుడు వెలుతురూ నీడా మాత్రం తెలుస్తాయి. అది కూడా ఎన్నాళ్ళో డాక్టరు చెప్పలేదు, నేను అడగలేదు.

ఫిబ్రవరి 11

కాళ్ళరిగేలా తిరుగుతున్నాను. స్టేషన్‌కి దగ్గరగా ఉండాలి, నేను రైల్లో ఆఫీసుకి వెళ్ళాలి. షాపులు ఒకే వరసలో ఉండాలి. కాలిబాట మీద బళ్ళు పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మనుషులు ఉండాలి. ఆయన కాలు తడబడితే "అయ్యో, ఆగండి" అనడానికి ఎవరో ఒకరు.

నాలుగు వీధులు చూశాను. ఒకటి పొద్దున్న కళకళ, సాయంత్రం శ్మశానం. ఒక దాంట్లో జనం ఉన్నారు గానీ అందరూ ఎవరో తరుముతున్నట్టు నడుస్తారు, అంధుణ్ణి గుద్దుకుని సారీ కూడా చెప్పరు. మిగతా రెండిటి గురించి రాయడం కూడా దండగ.

ఫిబ్రవరి 14

దొరికింది.

మందుల షాపు మూలన నిలబడ్డాను. మంగళ, బుధ, గురు, మూడు సాయంత్రాలు, అయిదు నుంచి ఆరు దాకా. 612. 598. 640. ఆగి మాట్లాడుకునేవాళ్ళు ఎంతమందో! ఇటువైపు ఏడు షాపులు, ఒకదాన్నొకటి ఆనుకుని. అటువైపు బడి గోడ, పోస్టాఫీసు. బేకరీ ముందు ఇద్దరు ముసలివాళ్ళు దేని గురించో గట్టిగా పోట్లాడుకుని, ఒకే గొడుగు కింద వెళ్ళిపోయారు. వాళ్ళని చూడగానే ఇక్కడే అనుకున్నాను.

సంచీలో ఆఫీసు ఫారాలే ఉన్నాయి, వాటి మీదే రాశాను. మూడిటి కిందా అలవాటు కొద్దీ సంతకం కూడా గీకేశాను. ఇంటికొచ్చి చూసుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఫిబ్రవరి 26

కొత్త ఇల్లు. సామాను దింపడానికి తమ్ముడు వచ్చాడు. అమ్మ పోయినప్పుడు వాడికి ఎనిమిదేళ్ళు. వాణ్ణి బడికి తీసుకెళ్ళింది నేను, ఈ ఆఫీసులో పెట్టించింది నేను. మొదటిరోజు రైల్వే స్టేషన్ గేటు దగ్గర నిలబెట్టి పని నేర్పాను. చంకలో పిల్లలు లెక్కలోకి రారు. సైకిలు నడిపించుకుంటూ వెళ్ళేవాడు వస్తాడు. అదే మనిషి మళ్ళీ వస్తే మళ్ళీ ఒకటి. "లెక్కపెట్టేటప్పుడు మనకి చుట్టాలు ఉండరురా. ఎదురుగా నాన్న వచ్చినా ఒక్క నొక్కే" అంటే గంటసేపు నవ్వాడు. ఇప్పుడు నాకంటే రెండు మెట్లు పైన ఉన్నాడు. జనం లెక్క చూసి షాపులు పెట్టే పెద్ద పెద్ద కంపెనీలని ఆఫీసుకి తీసుకొచ్చేది వాడే. నాకు గర్వమే.

బల్ల మీద నా మూడు ఫారాలూ చూశాడు. "అక్కా, ఇంత చక్కగా ఇప్పుడు ఎవరు వేస్తున్నారే? రెండ్రోజులు ఇవ్వు, మా కుర్రకారుకి చూపిస్తా, లెక్కంటే ఇలా ఉండాలని" అన్నాడు. పొగిడితే పడిపోయే రకాన్ని కాదు నేను. అయినా ఇచ్చాను.

"మీ అక్కకి లెక్కల పిచ్చి, నీకు అక్క పిచ్చి" అన్నారు ఆయన. ముగ్గురం నేల మీద కూర్చుని పెట్టెల మధ్య భోంచేశాం.

మార్చి 9

మెట్టు దిగి ఎడమకి తిరిగితే ముప్ఫై ఎనిమిది అడుగులకి సెలూన్. అక్కణ్ణుంచి ఇరవై రెండుకి బేకరీ, వాసనే చెబుతుంది. టైలరు దగ్గర కాలిబాట కొంచెం పైకి లేస్తుంది. మందుల షాపు మూలకి మొత్తం నూట పదకొండు. నేను పక్కన నడుస్తూ పైకి లెక్క చెబుతాను, ఆయన కర్ర ఆనిస్తూ నోట్లో అనుకుంటారు. "నడుస్తుంటే నా చెవిలో ఎక్కాలు చదువుతున్నట్టుంది లెక్కలమ్మా" అంటారు. నన్ను అలా పిలిచి మూడేళ్ళయింది.

మార్చి 21

ఈరోజు ఆయన ఒక్కరే వెళ్ళి రొట్టె తెచ్చారు.

మార్చి 22

నిన్న అంతకంటే ఎక్కువ రాయలేకపోయాను. తలుపు దగ్గర పొట్లం పట్టుకుని నిలబడి, "ఎవరూ చెయ్యి పట్టుకోలేదు" అన్నారు. బడిలో ఫస్టు వచ్చిన పిల్లాడి మొహం. నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను. మంచి ఏడుపే.

ఇక నుంచి రోజూ అయిదూ ఇరవైకి బయల్దేరతారట. బేకరీ, సెలూన్ ముందు పది నిమిషాలు కబుర్లు, మందుల షాపు మూల దాకా వెళ్ళి వెనక్కి. సెలూన్ ఆయన పెట్టిన పేరు "వాచీ సార్". వీధిలో నేను ఎవరో ఎవరికీ తెలియదు, వాచీ సార్ భార్యని. నాకు దిగులేం లేదు.

ఏప్రిల్ 17

కౌంటరు స్ప్రింగు తెగింది. పారేసి ఆఫీసులో కొత్తది అడుగుదామనుకున్నాను. ఆయన లాక్కుని, పాత అలారం గడియారం స్ప్రింగు ముక్క తీసి, వేళ్ళతో తడుముకుంటూ రెండు గంటలు కూర్చుని బిగించారు. పనిచేస్తోంది. కాకపోతే ఇదివరకు నొక్కితే "టిక్" అనేది, ఇప్పుడు "టిక్-టక్" అంటోంది.

"ప్రపంచంలో ఇలా కూసే కౌంటరు ఇదొక్కటే. ఎక్కడున్నా నువ్వేనని తెలిసిపోతుంది" అన్నారు.

మే 6

ఏడు షాపులవాళ్ళకీ కాగితాలు వచ్చాయి. ఆగస్టు కల్లా ఖాళీ చెయ్యాలట. వరసంతా ఒకే యజమానిది. మొత్తం పడగొట్టి ఒక్కటే పెద్ద దుకాణం కడతారట, కింద కార్లు పెట్టుకోడానికి చోటు, ప్రవేశం వెనక వీధిలోంచి. ఇటువైపు గోడ వస్తుంది. మా ఇంటి దగ్గర్నుంచి మూల దాకా కిటికీ కూడా లేని గోడ. పడగొట్టి కట్టేదాకా కాలిబాట మూసేస్తారు.

ఆయన భోజనం చెయ్యలేదు. "గోడకి అడుగులు ఎలా లెక్కపెట్టాలి?" అని అడిగారు. నన్ను కాదు, ఊరికే అన్నారు.

మే 8

నావే.

మే 8, మళ్ళీ

ఆఫీసులో తమ్ముడి బల్ల మీద ఫైలు. పైన మన వీధి పేరు. లోపల మూడు ఫారాలు, 612, 598, 640. కింద నా సంతకం, ఎప్పటిలాగే చివర సున్నా పెద్దగా. ఆ దుకాణం కంపెనీకి గంటకి అయిదు వందల యాభై మంది కంటే ఎక్కువ నడిచే వీధి కావాలట. బంగారంలాంటి వీధి దొరికిందని వాడికి చప్పట్లు కొట్టారట.

వాణ్ణి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను.

"ఇవెక్కడివిరా?"

"నీవే కదక్కా."

"మీ బావ కోసం వేసుకున్న లెక్కరా అది. ఆయన నడవడానికి."

"నాకేం తెలుసు? కింద సంతకం ఉంది. సంతకం పడితే ఆఫీసుది. ఆ మాట నాకు నేర్పింది ఎవరు?"

"చూపించి ఇచ్చేస్తానన్నావు."

"చూపించాను. వాళ్ళకి కూడా చూపించాను." కాసేపు చేతిలో ఫోను తిప్పుకున్నాడు. "నేను చూపించకపోతే ఇంకో ఆర్నెల్లకి ఇంకొకడు చూపిస్తాడక్కా. అంత మంచి వీధి ఎంతకాలం దాగుతుంది?"

"అడగొచ్చు కదరా. ఒక్కమాట అడగొచ్చు కదా."

"అడిగితే ఇచ్చేదానివా?"

"లేదు."

"అందుకే అడగలేదు."

నా చేత్తో అన్నం తిన్నవాడు. నమ్మించి గొంతు కోశాడు అని అందరూ అంటుంటే అది పెద్దపెద్ద వాళ్ళ వ్యవహారాల్లో మాట అనుకునేదాన్ని. మా ఇంట్లో నేల మీద కూర్చుని, మా కంచంలో తిని, ఆ సాయంత్రమే కాగితాలు పట్టుకెళ్ళాడు. అడక్కుండా పట్టుకెళ్ళాడు. దొంగతనం కాకపోతే ఏమిటది?

మే 9

ఆయనకి చెప్పలేదు.

మే 10

చెప్పలేదు. ఆయన మొహం చూసి ఆగిపోయాను. చెబితే వాడి మీద ఉన్న ప్రేమ కూడా పోతుంది ఆయనకి. వాడి కోసమే ఆగాను.

మే 13

ఫిబ్రవరి పేజీలు తిరగేశాను. "అయినా ఇచ్చాను" అని నా చేతిరాతే. అడక్కుండా పట్టుకెళ్ళాడని మొన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. చిత్తు కాగితంలో కొట్టివేతలు ఎందుకులే అని వదిలేశాను.

మే 19

సగం చెప్పాను. ఆ లెక్క వేసింది మా ఆఫీసేనని, తమ్ముడి పనేనని. ఎవరి చేతి లెక్కో చెప్పలేదు. ఆయన అడగలేదు. చాలాసేపు కర్ర కొసని నేల మీద గుండ్రంగా తిప్పుతూ కూర్చున్నారు.

"మళ్ళీ లెక్క పెడతారటగా" అన్నారు. "సెలూన్ ఆయన చెప్పాడు. ఆ కంపెనీవాళ్ళు ఇంకోసారి చూసుకుని గానీ సంతకాలు చెయ్యరట."

"ఏమో."

"నువ్వు వెళ్ళకు."

"ఛ, నేనెందుకు వెళ్తాను?"

"వెళ్ళనని చెప్పు."

"వెళ్ళను."

జేబులోంచి కాగితం పొట్లం తీసి రొట్టె రెండు ముక్కలు చేసి నాకొకటి ఇచ్చారు. పెద్దది నాకు. చేత్తో తూచి చూసుకుని మరీ ఇచ్చారు.

జూన్ 2

ఆ లెక్క నాకే పడింది. జూన్ 5, మందుల షాపు మూల, అయిదు నుంచి ఆరు దాకా. తమ్ముడు తల వంచుకుని చెప్పాడు. "నువ్వు వద్దంటే ఇంకొకళ్ళని పంపిస్తాను. నీ ఇల్లు అక్కడే కాబట్టి నీకు సుఖంగా ఉంటుందని." సుఖంట! ఒళ్ళు మండిపోయింది. వద్దని ఫారం వాడి బల్ల మీద పారేసి వచ్చేశాను.

జూన్ 3

పొద్దున్న రైల్లో వెళ్తూ ఆలోచించాను. ఇంకొకళ్ళు నిలబడితే ఆరు వందలు దాటుతుంది, ఆ వీధి అంతే. నేను నిలబడితే? ఇద్దరికి ఒక్కసారి నొక్కితే మూడు వందలు. సంతకం నాది, నా లెక్కని పంతొమ్మిదేళ్ళలో ఎవరూ తిప్పి చూడలేదు. మూడు వందలంటే ఆ కంపెనీ వేరే వీధి చూసుకుంటుంది. ఏడు షాపులూ ఉంటాయి, ఆయన అడుగులూ ఉంటాయి. ఇన్నేళ్ళు నిజం చెప్పిన చెయ్యి ఒక్క గంట అబద్ధం చెబితే పోయేదేముంది?

ఆయనకి చెప్పను. వెళ్ళనని మాటిచ్చాను, నిజమే. కానీ ఇది వెళ్ళడం కిందికి రాదు. అయిపోయాక చెప్పి ఇద్దరం నవ్వుకోవచ్చు.

వాడి బల్ల మీంచి ఫారం తీసుకున్నాను.

జూన్ 4

రేపు ఆఫీసులో ఆలస్యమవుతుందని చెప్పాను. "సరే, రొట్టె నీక్కూడా తెస్తాలే" అన్నారు.

అయిదూ ఇరవైకి బయల్దేరి ఆయన ఆ మూల దాకా వస్తారు. ఆ సంగతి మర్చిపోలేదు. నా పక్కనుంచి వెళ్ళిపోతారు, అంతే కదా, ఆయనకి నేను కనబడను అనుకున్నాను. ఈ వాక్యం రాసి చూసుకుంటే నాకే సిగ్గేస్తోంది. అయినా అనుకున్నాను.

జూన్ 6

నిన్న రాయలేదు.

అయిదింటికి నిలబడ్డాను. సెలూన్ ఆయన బయటికి వచ్చి తువ్వాలు దులుపుతూ నన్ను చూశాడు. చేతిలో కౌంటరు చూశాడు. లోపలికి వెళ్ళి పరదా లాగేశాడు. నాకు అరవాలనిపించింది, మీ కోసమేనయ్యా అని.

ఇద్దరికి ఒకటి. మొదటి రెండు నిమిషాలు బాగానే చేశాను. తర్వాత బడిపిల్లల గుంపు వచ్చింది, వెనక పోస్టాఫీసు మూసేసి వచ్చేవాళ్ళు, గొడుగు ముసలివాళ్ళు. అరగంటకి కిందికి చూస్తే 342. నేను కాదు నొక్కుతున్నది. నా బొటనవేలు. వదిలేద్దామని పిడికిలి విప్పితే చూపుడువేలు అందుకుంది. పంతొమ్మిదేళ్ళు దానికి నేర్పింది ఒక్కటే, ఎవర్నీ వదలకు అని. నా తమ్ముడు నన్ను మోసం చేశాడని నెల రోజులుగా కుమిలిపోతున్నాను, ఇక్కడ నా చెయ్యే నా మాట వినడం లేదు.

అప్పుడు కర్ర చప్పుడు.

చేతిలో రొట్టె పొట్లం, ఇద్దరికి సరిపడేది. మొహం పైకెత్తి, పెదాలు కదుపుతూ వస్తున్నారు. నూట ఏడు, నూట ఎనిమిది. ఊపిరి బిగబట్టాను. నా ముందు నుంచి దాటారు. ఎదురుగా నాన్న వచ్చినా ఒక్క నొక్కే.

టిక్-టక్.

ఆగిపోయారు. నూట పదకొండు ఇంకా పూర్తి కాలేదు. జనం ఆయనకి రెండు పక్కల నుంచీ తప్పుకుని వెళ్తున్నారు, నేను వాళ్ళని కూడా నొక్కుతూనే ఉన్నాను, ఆ చప్పుడు ఆయన వింటూనే ఉన్నారు.

"నన్ను కూడా వేశావా?" అన్నారు.

"మీకు చెబుదామనే, ఇది అలా కాదు, నేను తగ్గించి వేద్దామని—"

"మొదటి లెక్కా నీదేనని నాకు తెలుసు. యజమాని ఆ కాగితం అందరికీ చూపించాడు. సెలూన్ ఆయన నీ సంతకం చదివి వినిపించాడు. మేలోనే." గొంతు పెంచలేదు. "నువ్వే చెబుతావని ఊరుకున్నా. అది నా కోసం వేశావు, పొరపాటు జరిగింది, ఎవరికైనా జరుగుతుంది. ఇది ఎవరి కోసం?"

ఆయనకి నా మొహం కనబడదు, అదొక్కటే మిగిలింది నాకు.

పొట్లం నా సంచీలో తడుముకుని పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. తిరిగి వెళ్ళేటప్పుడు కూడా వేలు నొక్కింది.

ఆరింటికి 697.

జూన్ 7

ఫారం ఆఫీసులో ఇచ్చాను గానీ సంతకం పెట్టలేదు. తమ్ముడు ఇంటికి వచ్చాడు, గుమ్మం దాటలేదు. "సంతకం మర్చిపోయావక్కా."

"మర్చిపోలేదు."

కాగితం వంకా నా వంకా చూశాడు. చిన్నప్పుడు పలక పగలగొట్టి వచ్చినప్పుడు అలాగే నిలబడేవాడు. కొట్టనని తెలిసీ ఏడ్చేవాడు. ఇప్పుడు ఏడవలేదు. "పోనీలే, ఇంకొకళ్ళని పంపిస్తాను" అన్నాడు. వెళ్తూ "బావ ఉన్నారా?" అని అడిగాడు. లోపల్నుంచి ఆయన వినబడేలా, "లేరని చెప్పు" అన్నారు. వాడికో నాకో తెలియలేదు.

జూన్ 16

ఎవరో నిలబడ్డారట. 688. సంతకం పడింది.

జూన్ 30

మాట్లాడుతున్నారు. ఉప్పు తక్కువైందంటారు, వాన వస్తుందంటారు. లెక్కలమ్మా అని పిలవడం లేదు. రొట్టె తెస్తున్నారు, నా వాటా పళ్ళెంలో పెడుతున్నారు. చేత్తో తూచి చూడటం లేదు. చిన్నదో పెద్దదో, ఏది అందితే అది.

జులై 18

ఈరోజు త్వరగా వచ్చాను. అయిదుంపావుకి స్టేషన్‌లో దిగాను. టైలరు, చెప్పుల షాపు ఖాళీ చేసేశారు. మందుల షాపు తలుపు మీద కొత్త చిరునామా అంటించారు. బేకరీ ఇంకా ఉంది.

అయిదూ ఇరవైకి ఆయన మెట్టు దిగారు. ఎడమకి తిరగలేదు. కర్ర ముందుకి చాచి, దాటొచ్చని సిగ్నలు కూసేదాకా ఆగి, రోడ్డు దాటారు. పోస్టాఫీసు మెట్ల దగ్గర కొంచెం పక్కకి జరిగారు, బడి గేటు దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలారు. ఎక్కడా తడబడలేదు. పెదాలు కదులుతున్నాయి.

అటువైపు ఎన్ని అడుగులో నేనెప్పుడూ చెప్పలేదు. ఆయనే లెక్కపెట్టుకున్నారు.